తేట నీరంతా మేలైన నీరు కాదు
ఇంటి ఆక్వాపోనిక్స్ తొట్టెలో నీటి నాణ్యత, చేపల ఆరోగ్యం - ప్రత్యేక వ్యాసం

నగరాలలోనూ, పట్టణాలలోనూ మిద్దెతోటల పట్ల ఆసక్తి పెరిగిన కొద్దీ, ఒకే నీటితో అటు చేపలను, ఇటు ఆకుకూరలను పెంచే ఆక్వాపోనిక్స్ విధానం గృహస్థుల దృష్టిని ఆకర్షిస్తున్నది. వెయ్యి లీటర్ల తొట్టె, దాని పక్కన కంకర నింపిన మడి, రెంటినీ కలిపే చిన్న మోటారు, గాలి అందించే పంపు - స్థూలంగా ఇంతే సామగ్రి. చేపల విసర్జితాలు కలిసిన నీరు మడిలోకి చేరుతుంది. మొక్కలు తమకు కావలసిన పోషకాలను అందులో నుంచి గ్రహిస్తాయి. శుభ్రపడిన నీరు తిరిగి తొట్టెలోకి జారుతుంది. చూడడానికి ముచ్చటగా ఉండే ఈ ఏర్పాటును గురించి పత్రికలలోనూ, టెలివిజన్ ఛానళ్ళలోనూ తరచుగా కథనాలు వెలువడుతున్నాయి.

ఆ కథనాలలో సాధారణంగా చోటు దక్కని విషయం ఒకటి ఉన్నది. కొత్తగా తొట్టె పెట్టుకున్న ఇళ్ళలో తొలి నెల, నెలన్నర లోపుననే చేపలు చనిపోవడం అరుదైన సంగతి కాదు. అనేక సందర్భాలలో అప్పటికి నీరు అద్దంలా తేటగానే ఉంటుంది. తొట్టె అడుగున పడిన రూపాయి బిళ్ళ స్పష్టంగా కనిపిస్తూ ఉండగానే చేపలు వెల్లకిలా తేలుతాయి. ఇంటివారు చేపపిల్లలు అమ్మిన వారిని నిందిస్తారు, మేతను అనుమానిస్తారు, చివరకు తొట్టెను ఖాళీ చేసి మేడ మీద ఒక మూలకు నెట్టివేస్తారు. పెట్టిన పెట్టుబడితో పాటు ఇంటిల్లిపాది ఉత్సాహం కూడా అక్కడితో ముగుస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న నానుడి ఈ నీటికి అక్షరాలా వర్తిస్తుంది.

కంటికి కనిపించని విషం

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు దాని శరీరంలో ఖర్చయిన తరువాత మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి వెలువడతాయి. అమ్మోనియాకు రంగు లేదు. చేపలకు ప్రాణాంతకమైన మోతాదులో ఉన్నప్పుడు కూడా సాధారణంగా వాసన తెలియదు. 32 శాతం మాంసకృత్తులు గల మేత ఒక కిలో ఖర్చయితే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని వెలువడుతుందని మత్స్యశాస్త్ర అంచనా.

దీనిని ఒక ఇంటి తొట్టెకు అన్వయించి చూడవచ్చు. పావుకిలో బరువున్న ఇరవై చేపలు వెయ్యి లీటర్ల తొట్టెలో ఉన్నవనుకుంటే, వాటి మొత్తం బరువు 5 కిలోలు. శరీర బరువులో 2 శాతం చొప్పున రోజుకు 100 గ్రాముల మేత వేస్తే, ఆ ఒక్క రోజే నీటిలో 3 గ్రాముల అమ్మోనియా చేరుతుంది. అనగా లీటరుకు 3 మిల్లీగ్రాములు. ఈ పరిమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా చూడడం క్షేమమని 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించిన చిన్నతరహా ఆక్వాపోనిక్స్ మార్గదర్శక గ్రంథం సూచిస్తున్నది. అంటే ఈ విషాన్ని తొలగించే ఏర్పాటు లేనిపక్షంలో ఒక్క పూట మేతతోనే తొట్టె ప్రమాదపు అంచుకు చేరుతుందన్నమాట.

ఆ తొలగించే పనిని మొక్కలే చేస్తాయని చాలామంది భావిస్తారు. నిజానికి భారమంతా మోసేది మడిలోని కంకర రాళ్ళకు, గొట్టాల లోపలి గోడలకు అంటుకొని జీవించే సూక్ష్మజీవులు. వీటిలో నైట్రోసోమోనాస్ వర్గపు బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా వర్గాలు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చేపలకు పెద్దగా హాని చేయదు, మొక్కలకు మాత్రం మేలైన ఎరువు. ఈ రెండంచెల ప్రక్రియను నిర్వహించే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపారు. ఇంటి తొట్టె ఈ విజ్ఞానం మీదనే నడుస్తున్నది.

ఇదే అమ్మోనియా అన్ని వేళలా ఒకే తీరున విషం కాదు. నీటి పీహెచ్ విలువను బట్టి, ఉష్ణోగ్రతను బట్టి దాని తీవ్రత మారుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7గా ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం 1 శాతం లోపే. పీహెచ్ 8కి చేరితే అది సుమారు ఏడున్నర శాతం. 9కి చేరితే దాదాపు సగం. చెరువులలో సున్నం చల్లే అలవాటున్న కుటుంబాల వారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. చేపలు నలతగా ఉన్నాయని తొట్టెలో గుప్పెడు సున్నం వేస్తే, అప్పటివరకు దాదాపు నిరపాయకరంగా ఉన్న అమ్మోనియా గంటల వ్యవధిలో విషంగా మారే ప్రమాదం ఉన్నది. ఎకరం చెరువుకు పనికివచ్చిన వైద్యం వెయ్యి లీటర్ల తొట్టెకు ప్రాణాంతకం కావచ్చు.

తొలి ఆరు వారాలు

మేలుచేసే ఈ బ్యాక్టీరియా తొట్టె నింపిన నాడే ప్రత్యక్షం కాదు. మన వాతావరణంలో అది తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలుత అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుముఖం పట్టే వేళకు నైట్రైట్ పెరుగుతుంది. ఇది కూడా విషమే. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను నైట్రైట్ మార్చివేయడం వల్ల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. ఎర్రగా ఉండవలసిన మొప్పలు గోధుమ వర్ణానికి మారుతాయి. పంపు గాలిని ఎంత అందిస్తున్నా చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. చివరకు నైట్రైట్ కూడా తగ్గి నైట్రేట్ కనిపించినప్పుడే తొట్టె చేపలకు సిద్ధమైనట్లు లెక్క.

కనుక తొట్టె నింపిన మరునాడే చేపపిల్లలను వదలడం తగదు. అప్పటికే సక్రమంగా నడుస్తున్న మరొక తొట్టె నుంచి రెండు మూడు తట్టల కంకరను తడి ఆరకుండా తెచ్చి మడిలో కలిపితే ఈ వ్యవధి గణనీయంగా తగ్గుతుంది. ఇది ఖర్చులేని ఉపాయం. మిత్రుల నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్లే కంకర తోడు తెచ్చుకోవడం. వేచి ఉండలేని వారు ఉద్దేశించిన చేపలలో నాలుగో వంతు మాత్రమే వదిలి, మేతను బహుస్వల్పంగా వేస్తూ, రోజు విడిచి రోజు నీటిని పరీక్షించుకోవలసి ఉంటుంది. నైట్రైట్ హెచ్చినట్లు తేలితే లీటరుకు 1 గ్రాము మించకుండా అయోడిన్ కలపని ఉప్పును వేయడం వల్ల చేపలకు కొంత రక్షణ లభిస్తుంది. అంతకు మించితే మొక్కలు తట్టుకోలేవు.

ఈ దశలోనూ, తరువాతా ఇళ్ళలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి శుభ్రత పట్ల శ్రద్ధ వల్లనే జరుగుతుంది. కంకర మీద జిగట పేరుకున్నదని దానిని తీసి, కుళాయి నీటితో రుద్ది కడిగి, మరికొందరు బ్లీచింగ్ పౌడరు సైతం చల్లి, తళతళలాడేలా చేసి తిరిగి మడిలో పోస్తారు. ఆ జిగటే తొట్టెకు ఊపిరి. దానిని కడిగివేయడమంటే ఆరు వారాల కృషిని మోరీ పాలు చేయడమే. మడిలో మట్టి, చెత్త పేరుకొని నీరు నిలిచిపోతుంటే, ఒకసారికి నాలుగో వంతు కంకరను మాత్రం తొట్టెలోని నీటితోనే తేలికగా జాడించాలి. కొన్ని వానపాములను మడిలో వదిలితే అవి ఆ వ్యర్థాన్ని చాలావరకు కుళ్ళబెట్టి మొక్కలకు అందిస్తాయి.

నీటి రంగు చెప్పే సంగతులు

తేట నీరంతా మంచిది కాకపోయినా, కలక నీరు మాత్రం ఏదో ఒక లోపానికి సూచన. నీరు పచ్చబడితే నాచు పెరుగుతున్నదని అర్థం. దీనికి ఎండే కారణం. పగలు ఆ నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడం వల్ల మధ్యాహ్నానికి పీహెచ్ పైకి ఎగబాకుతుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు గుంపుగా పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఈ కొరతే కారణం కావచ్చు. మందు వేయనవసరం లేదు. తొట్టె మీద గోనెపట్టా లేదా షేడ్‌నెట్ కప్పి, ఎండ సోకకుండా చేస్తే కొద్ది రోజులలో నాచు తగ్గుతుంది. తెల్లగా, పాలు కలిసినట్లు మసకబారితే మేత ఎక్కువైనదని గ్రహించాలి. రెండు రోజులు మేత మానివేయడం దీనికి చికిత్స. రెండు మూడు రోజుల ఉపవాసం వల్ల ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏ హానీ జరగదు.

గోధుమ రంగు మడ్డి తేలుతుంటే అది చేపల మలం, తినగా మిగిలిన మేత. తొట్టెకు, మడికి మధ్య నూరు లీటర్ల డ్రమ్మును ఉంచి, నీరు అందులోకి పక్కగా చేరి సుడి తిరిగేలా గొట్టం అమర్చితే మడ్డి అడుగున దిగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు అడుగున ఉన్న కుళాయి విప్పి ఆ మడ్డిని కుండీలలోని పూలమొక్కలకు పోయవచ్చు. ఇక కొబ్బరిపొట్టు వాడిన చోట నీరు పలుచని టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. దాని వల్ల భయం లేదు.

ప్రాణవాయువు విషయంలో లెక్క మరింత కఠినమైనది. 30 డిగ్రీల వద్ద లీటరు నీరు దాదాపు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే ఇముడ్చుకోగలదు. అనగా వెయ్యి లీటర్ల తొట్టె మొత్తంలో ఉండేది ఏడున్నర గ్రాములు. పైన చెప్పిన 3 గ్రాముల అమ్మోనియాను శుద్ధి చేయడానికి బ్యాక్టీరియాకే రోజుకు సుమారు పదమూడున్నర గ్రాములు అవసరం. చేపల అవసరం దీనికి అదనం. గాలి పంపు అలంకారం కోసం కాదని దీనిని బట్టి స్పష్టమవుతుంది. విద్యుత్ అంతరాయం కలిగినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలి పంపును ముందుగానే సమకూర్చుకోవాలి. వేసవి రాత్రి కరెంటు రెండు గంటలు పోతే, కిక్కిరిసిన తొట్టెలో తెల్లవారేసరికి ఏమీ మిగలకపోవచ్చు.

స్థానిక పరిస్థితులు, జాగ్రత్తలు

విదేశీ గ్రంథాలలోని సూచనలను యథాతథంగా ఇక్కడ అమలు చేయడం సాధ్యం కాదు. మొదటిది నీరు. పురపాలక సరఫరా నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. వినియోగదారుని కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. మనిషికి రక్షణ అయిన ఆ క్లోరిన్ చేప మొప్పలకూ, మేలుచేసే బ్యాక్టీరియాకూ శత్రువు. అందుచేత కుళాయి నీటిని వేరొక డ్రమ్ములో ఒకటి రెండు రోజులు గాలి ఆడిస్తూ నిలవ ఉంచిన తరువాతనే తొట్టెలో కలపాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ, రెండు రాష్ట్రాలలోనూ అనేక ప్రాంతాల బోర్లలో నీరు కఠినంగా, క్షారగుణంతో ఉంటుంది, ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. దానికి కూడా గాలి ఆడించడం తప్పనిసరి.

రెండవది కంకర. తాండూరు, బేతంచెర్ల ప్రాంతాల నాపరాయి సున్నపురాతి జాతికి చెందినది. దాని ముక్కలను మడిలో వాడితే పీహెచ్ నిరంతరం పెరుగుతూనే ఉంటుంది. నల్లకంకర వాడడం మేలు. అనుమానం ఉన్నప్పుడు రాయి మీద కొద్దిగా వెనిగర్ పోసి చూడాలి. బుడగలు పొంగితే ఆ రాయి పనికిరాదు. రాగి బిందెలు, రాగి గొట్టాలు, జింకు పూత పూసిన డ్రమ్ములు కూడా వాడరాదు. మనకు రాగి పాత్రలోని నీరు ఆరోగ్యమన్న నమ్మకం ఉన్నది. చేపకు మాత్రం రాగి విషం.

దీనికి విరుద్ధమైన సమస్య కొన్ని నెలల తరువాత ఎదురవుతుంది. అమ్మోనియాను శుద్ధి చేసే క్రమంలో బ్యాక్టీరియా నీటిలోని క్షారతను హరిస్తుంది. 3 గ్రాముల అమ్మోనియాకు సుమారు 21 గ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారత ఖర్చవుతుంది. పీహెచ్ క్రమంగా జారి 6 కంటే దిగువకు చేరితే బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా మళ్ళీ పేరుకుంటుంది. నాలుగైదు నెలలు చక్కగా నడిచిన తొట్టె హఠాత్తుగా చెడిపోవడానికి తరచుగా ఇదే కారణం. చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా మూడింటికీ రాజీ కుదిరే పీహెచ్ 6.5 నుంచి 7 వరకు. అది తగ్గినప్పుడు పొటాషియం బైకార్బొనేట్‌ను గాని, సున్నపు తేటను గాని చెంచాల లెక్కన, రోజుల వ్యవధిలో మాత్రమే కలపాలి. ఆ ముందు అమ్మోనియా తక్కువగా ఉన్నదని పరీక్షించి నిర్ధారించుకోవాలి.

మూడవది మందులు. మిద్దెతోటల వారు పురుగు పట్టిందంటే వెంటనే వేపనూనె పిచికారీ చేస్తారు. సేంద్రియమైనదే అయినప్పటికీ అది చేపలకు సురక్షితం కాదు. చేపల వ్యాధులకు చెరువులలో వాడే కాపర్ సల్ఫేట్, ఫార్మలిన్, యాంటీబయాటిక్‌లు ఈ తొట్టెలో బ్యాక్టీరియాను నాశనం చేస్తాయి. పైగా ఆ నీటితో పెరిగిన ఆకుకూరను కుటుంబమే తింటుంది. జబ్బు చేసిన చేపను వేరొక తొట్టెలోకి మార్చి చికిత్స చేయడం ఒక్కటే మార్గం.

చేపల ఎంపిక

కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. గాలిని నేరుగా పీల్చగలదు కనుక ప్రాణవాయువు కొరతను తట్టుకుంటుంది. అమ్మోనియాను మాత్రం తట్టుకుంటుందని భరోసా లేదు. ఎగిరి బయట పడుతుంది కనుక వల కప్పాలి, చిన్నవాటిని పెద్దవి తినకుండా ఒకే పరిమాణం గల వాటిని వదలాలి. గిఫ్ట్ తిలాపియా ఈ విధానానికి బాగా అనువైనది. అయితే దేశంలో తిలాపియా పెంపకానికి ప్రభుత్వ మార్గదర్శకాలు, అనుమతులు వర్తిస్తాయి. మత్స్యశాఖను సంప్రదించకుండా పెంచడం గాని, పెంచలేక చెరువులలో, కాలువలలో వదిలివేయడం గాని కూడదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం నిషిద్ధం. బొచ్చె, శీలవతి చెరువులలో ఎదిగే చేపలు, ఇంత చిన్న తొట్టె వాటికి చాలదు. మాంసాహారం తీసుకోని కుటుంబాల వారు గోల్డ్‌ఫిష్, కోయి వంటి అలంకార చేపలను పెంచుకోవచ్చు. మొక్కలకు ఎరువు అందించడంలో అవి ఏ చేపకూ తీసిపోవు.

మేత ఎంత, మడి ఎంత అన్న ప్రశ్నకు ఆహార, వ్యవసాయ సంస్థ గ్రంథం ఇచ్చిన కొలమానం ఉపయోగకరం. ఆకుకూరల మడి ప్రతి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుంది. ఈ లెక్కన 100 గ్రాముల మేత వేసే తొట్టెకు రెండు నుంచి రెండున్నర చదరపు మీటర్ల తోటకూర, పాలకూర, పుదీనా, బచ్చలి ఉండాలి. మేడ మీద ఏర్పాటు చేసుకునే వారు బరువును మరువరాదు. వెయ్యి లీటర్ల నీరు ఒక టన్ను తూగుతుంది, కంకర దీనికి అదనం. ఇంజినీరు సలహా లేకుండా శ్లాబు మధ్యలో తొట్టెను ఉంచడం క్షేమం కాదు.

పరీక్ష పెట్టె లేని తొట్టె

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే పెరటి స్థాయి చేపల యూనిట్లకు వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు, మహిళలకు 60 శాతం చొప్పున ఆర్థిక సహాయాన్ని పొందుపరచారు. ఆక్వాపోనిక్స్ దీనికి సన్నిహితమైన విధానమే. ఇటువంటి యూనిట్లను పరిశీలించే అధికారులు తొట్టె, మోటారు, షెడ్డులతో పాటు పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్‌లను కొలిచే పరీక్ష పెట్టె ఉన్నదా, లబ్ధిదారునికి దానిని వాడడం వచ్చునా అని కూడా చూడడం సముచితం. మొత్తం వ్యయంలో ఆ పెట్టె ఖరీదు అతి స్వల్పం. అది లేని యూనిట్ గుడ్డిగా నడిచే బండి వంటిది.

విజయగాథలు రాసే విలేకరులు సైతం తొట్టె పెట్టి ఎన్ని నెలలైనది, తొలి విడత చేపలలో ఎన్ని బతికాయి, ఒక వేసవి దాటినదా అన్న మూడు ప్రశ్నలు అడిగినట్లయితే పాఠకులకు ఎంతో ఉపకరిస్తుంది. మూడు వారాల వయస్సు గల తొట్టె ఛాయాచిత్రం ఎంత అందంగా ఉన్నా, అసలు పరీక్ష అప్పటికి ఇంకా పూర్తి కాలేదన్నది గమనార్హం.

భీమవరం, కైకలూరు, నెల్లూరు తదితర ఆక్వా ప్రాంతాలలో రొయ్యల, చేపల రైతుల కోసం నడుస్తున్న నీటి పరీక్షా కేంద్రాలలో ఇంటి తొట్టె నీటిని కూడా పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు ఇచ్చే నీటిని శుభ్రమైన సీసాలో నిండుగా పట్టి, ఆలస్యం చేయకుండా అందజేయాలి. ఇతర ప్రాంతాల వారు జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని లేదా సమీప కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.